సైబర్ భద్రతను బొమ్మ గీసి చెప్పడం



ఢిల్లీకి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి ధౌలా కువాన్ అనే పేరు పరిచయమే. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. ఒకవైపు రింగు రోడ్డు, మరోవైపు గురుగ్రాం మీదుగా జైపూరు వెళ్లే జాతీయ రహదారి కలిసే పెద్ద కూడలి ఇది. వంతెన మీద వంతెన, దాని కింద మరో దారి. కొత్తగా వచ్చినవాడికి ఏ దారి ఎటు పోతుందో తలెత్తి చూస్తే అర్థం కాదు. బోర్డు చూడాలి.

ఇక్కడి మెట్రో పటాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. విమానాశ్రయం వెళ్లే లైనులో ధౌలా కువాన్ స్టేషను, పింక్ లైనులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషను పటంలో పక్కపక్కనే కనిపిస్తాయి. రాజమండ్రిలో పుట్టి ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి గారి పేరే ఆ స్టేషనుకు పెట్టారు. పటం చూసి రెండడుగులే కదా అనుకుని దిగినవాడు కిలోమీటరుకు పైగా పొడవున్న నడకదారి పట్టాలి. కదిలే పట్టీలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది కానీ, చేతిలో పెట్టె, వెనక నుంచి విమానం టైము తరుముతుంటే ఆ దూరం బాగా తెలుస్తుంది.

పటం అబద్ధం చెప్పిందా? లేదు. ఎక్కడ మారాలో చెప్పడం దాని పని; ఎంత దూరమో చెప్పే పని అది పెట్టుకోలేదు. 1933లో లండన్ భూగర్భ రైళ్లకు హ్యారీ బెక్ గీసిన పటం అచ్చయినప్పటి నుంచి ప్రపంచంలో చాలా మెట్రో పటాలది ఇదే పద్ధతి. దూరాలను వదిలేసి వరుసను మాత్రం ఉంచుతాయి. ఒక విషయాన్ని బొమ్మలో చెప్పేటప్పుడు కొంత వదిలేయక తప్పదు. వదిలేసింది చూసేవాడికి నష్టం చేసేదా, కాదా అన్నది గీసేవాడు తేల్చుకోవలసిన ప్రశ్న. ఈనాటి మన ప్రసంగం ఆ ప్రశ్న గురించే. అయితే విషయం రైళ్లు కాదు, సైబర్ భద్రత.

ఈ కూడలి నుంచి దక్షిణంగా పోయే రహదారి మీద గురుగ్రాం వస్తుంది. అక్కడా, నోయిడాలోనూ, మన హైదరాబాదులోనూ కంప్యూటర్ భద్రతకు సంబంధించిన సేవలు అమ్మే సంస్థలు ఉన్నాయి. వాటిలో ప్రోగ్రాములు రాసేవాళ్లే కాక, ఆ సేవ ఏమిటో కొనేవాళ్లకు వివరించే పత్రాలు తయారుచేసేవాళ్లు కూడా ఉంటారు. రెండు పేజీల డేటా షీటు, ఇరవై పేజీల వైట్ పేపరు, అంకెలను బొమ్మలుగా చూపే ఇన్ఫోగ్రాఫిక్, వేలితో నొక్కితే విచ్చుకుని లోపలి సంగతి చూపే ఇంటరాక్టివ్ పత్రం, ఇవన్నీ వాళ్ల చేతి పని. కామర్సు చదివినవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, భాష మీద పట్టున్నవాళ్లు కూడా ఈ ఉద్యోగాల్లోకి వెళుతున్నారు. మీలో కొందరు రేపు వెళ్లవచ్చు. మిగిలినవాళ్లు ఇలాంటి పత్రాలను చదివి, నమ్మి, డబ్బు పెట్టే స్థానంలో ఉండవచ్చు. కాబట్టి రెండు వైపుల నుంచీ ఆలోచిద్దాం.

ఫ్యాను అమ్మేవాడు ఫ్యాను తిప్పి చూపిస్తాడు. తాళం అమ్మేవాడు తాళం చేతికిస్తాడు. సైబర్ భద్రత అమ్మేవాడు ఏం చూపిస్తాడు? అతని సరుకు బాగా పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడాన్ని బొమ్మ గీయడం కష్టం. అందుకే చాలామంది సులువు దారి పడతారు: నల్లటి తెర, దాని మీద జారే ఆకుపచ్చ అంకెలు, ముఖం కనిపించకుండా టోపీ కప్పుకున్న మనిషి, ఎర్రటి పుర్రె. నిజానికి ఇలాంటి మోసాలు చేసేవాళ్లలో చాలామంది మామూలు చొక్కా వేసుకుని మామూలు గదిలో కూర్చునేవాళ్లే. ఆ టోపీ బొమ్మ ఏ సమాచారమూ ఇవ్వదు, భయం మాత్రమే ఇస్తుంది. భయపడ్డ మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. ఎదురుగా ఉన్న మీట గబుక్కున నొక్కుతాడు, లేదా ఇదంతా మనకర్థం కాదులే అని పేజీ మూసేస్తాడు. రెండింటిలో ఏ ఒక్కదానివల్లా అతని కంప్యూటరు భద్రంగా ఉండదు.

మరి ఏం గీయాలి? ఒక నిజమైన సంఘటన తీసుకుందాం. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్లకు మనకు తెలియని తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే ప్రోగ్రాము. అది దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఈ సంగతిని టోపీ మనిషితో చెప్పవచ్చు. కానీ ఇందులో అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఆ ప్రోగ్రాము దూరిన కన్నం విండోస్‌లో ఉంది. ఆ కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అప్పటికే, అంటే మార్చి 14ననే విడుదల చేసింది.

మార్చి 14 నుంచి మే 12కు 59 రోజులు. ఇప్పుడు మీ నోటుబుక్కులో, మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుని, 60 గడులు వరుసగా గీయండి. మొదటి గడి పైన "మందు వచ్చింది" అని రాయండి. చివరి గడి పైన "జబ్బు వచ్చింది" అని రాయండి. అంతే. పుర్రె అక్కర్లేదు. ఒక చిన్న నర్సింగ్ హోము యజమాని మధ్యలోని ఆ ఖాళీ గడులు చూస్తే, "మా కంప్యూటర్లకు చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు వేశారు?" అని తన మనుషులను అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే ఆ బొమ్మ చేయవలసిన పని. సవరణలను వేళకు వేసిపెట్టే సేవ అమ్మే సంస్థకు ఇంతకన్నా మంచి ప్రకటన ఏముంటుంది? ఇదే బొమ్మను ఇంటరాక్టివ్‌గా చేస్తే, ఏ గడి మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో విచ్చుకుంటుంది. చాలా గడుల్లో ఏమీ ఉండదు. ఉండకూడదు కూడా. ఆ ఖాళీయే సంగతి.

ఇంకొక సంఘటన ఈ కూడలికి దగ్గరలోనే జరిగింది. ధౌలా కువాన్ నుంచి రింగు రోడ్డు మీద మోతీబాగ్ దాటి వెళితే అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అందరూ ఎయిమ్స్ అనే ఆసుపత్రి వస్తుంది. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రోగుల నమోదు, రిపోర్టులు, బిల్లులు చాలా రోజులపాటు చేతిరాత మీద నడిచాయి. 5 సర్వర్లు దెబ్బతిన్నాయనీ, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందనీ, నెట్‌వర్కును సరిగా విభజించుకోకపోవడం దీనికి కారణమనీ ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది.

"నెట్‌వర్కు విభజన" అనే మాట చదివితే సామాన్యుడికి ఏమీ తోచదు. "1.3 టెరాబైట్లు" అంటే ఇంకా తోచదు. ఇక్కడ బొమ్మ అవసరం. ఒక ఇల్లు గీయండి. వీధి తలుపు ఉంది, తాళం ఉంది. లోపల గదులకు మాత్రం తలుపులు లేవు. వీధి తలుపు ఒక్కటి తీస్తే దొంగ వంటింట్లోకి, పడకగదిలోకి, పూజగదిలోకి ఒకే నడకలో పోగలడు. పక్కన ఇంకొక ఇల్లు గీయండి. అదే వీధి తలుపు, అదే దొంగ; కానీ ప్రతి గదికీ ఒక తలుపు. చూసేవాడు వేలు పెట్టి దొంగను జరపగలిగేలా ఇంటరాక్టివ్ పత్రం తయారుచేస్తే, మొదటి ఇంట్లో అతని వేలు ఎక్కడికైనా పోతుంది. రెండో ఇంట్లో నడవలోనే ఆగిపోతుంది. వేలు ఆగినప్పుడు కలిగే ఆ చిన్న అనుభవం పది పేజీల వివరణ కన్నా గట్టిగా మనసులో నిలుస్తుంది. ఇంటరాక్టివిటీకి సరైన ఉపయోగం ఇది. పేజీ తిప్పితే చప్పుడు రావడం, అక్షరాలు ఎగురుకుంటూ రావడం, ఇవన్నీ పెళ్లి వీడియోల్లో బాగుంటాయి.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం దేశంలో నమోదైన సైబర్ నేరాలు 2020లో 50,035, 2021లో 52,974, 2022లో 65,893. మూడు నిలువు కడ్డీలు గీయాలి. సున్నా దగ్గర మొదలుపెట్టి గీస్తే మూడూ ఎత్తుగానే ఉంటాయి, మూడోది రెండో దానికన్నా సుమారు పావువంతు పెద్దగా కనిపిస్తుంది. అది నిజమైన పెరుగుదలే, ఆందోళన పడవలసినదే. కానీ మార్కెటింగ్ మేనేజరుకు అది చాలదు. "కాస్త గట్టిగా కనిపించేలా చేయండి" అంటాడు. అప్పుడు గీసేవాడు కింది గీతను సున్నాకు బదులు 50,000 దగ్గర పెడతాడు. ఏం జరుగుతుందో చూడండి. 2020 కడ్డీ ఎత్తు 35. కనపడనే కనపడదు. 2021ది 2,974. 2022ది 15,893. పావువంతు పెరిగినది కాస్తా అయిదు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. 2020తో పోలిస్తే 450 రెట్లు! ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. బొమ్మ మాత్రం తప్పు చెప్పింది.

వృత్తాలతో ఇంకో మోసం ఉంది. రెట్టింపు అయిందని చూపడానికి వృత్తం వ్యాసార్ధాన్ని రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. లెక్క మీరు ఎనిమిదో తరగతిలోనే చేశారు. బొమ్మ గీసేటప్పుడు మాత్రం చాలామంది మరచిపోతారు. కొందరు కావాలనే మరచిపోతారు.

అదే నివేదికల్లో మన తెలుగువాళ్లను ఉలిక్కిపడేలా చేసిన అంకె ఇంకొకటి ఉంది. 2022లో తెలంగాణలో 15,297 సైబర్ నేరాలు నమోదయ్యాయి, అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. దేశపటం గీసి తెలంగాణకు ముదురు ఎరుపు పూస్తే, "అమ్మో, హైదరాబాదులో ఇంత మోసమా" అనిపిస్తుంది. కానీ ఈ లెక్క జరిగిన నేరాలది కాదు, నమోదైన కేసులది. ఫిర్యాదు ఇచ్చేవాళ్లు ముందుకొచ్చి, తీసుకునేవాళ్లు కేసు కట్టే చోట అంకె పెరుగుతుంది. కేసు కట్టకుండా పంపేసే చోట పటం తెల్లగా, చల్లగా కనిపిస్తుంది. తెలంగాణ విషయంలో ఇందులో ఏది ఎంత అని ఆ ఒక్క పటం చూసి చెప్పలేం. కాబట్టి బొమ్మ కింద "ఇవి నమోదైన కేసులు మాత్రమే" అని ఒక వాక్యం రాయాలి. అదీ కనిపించే సైజులో రాయాలి. బియ్యం బస్తా మీద బరువు ఎలా రాస్తారో అలా.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ కోసం ఇంటరాక్టివ్ పీడీఎఫ్ ఒకటి తయారుచేశాను. నకిలీ ఈమెయిళ్ల నుంచి కాపాడుకోవడం ఎలా అన్నది విషయం. మొదటి పేజీలో నారింజ రంగు మీట ఒకటి పెట్టి, "మీరు ప్రమాదంలో ఉన్నారేమో తెలుసుకోవడానికి ఇక్కడ నొక్కండి" అని రాశాను. నొక్కితే ఒక ఫారం తెరుచుకుని పేరు, ఫోను నంబరు, ఆఫీసు ఈమెయిలు అడిగేది. ఆ పత్రాన్ని ఈమెయిలుకు జోడించి వేలమందికి పంపారు. అందరూ బాగుందన్నారు. కొన్నాళ్లకు అచ్చం అలాంటి పత్రమే, అదే నారింజ మీటతో, ఇంకెవరో తయారుచేసి పంపారు. ఆ సంస్థలో కొత్తగా చేరిన ఒకమ్మాయి దాన్ని మాదే అనుకుని నొక్కి, తన పాస్‌వర్డు ఇచ్చేసింది. పై అధికారులు ఆ అమ్మాయిని కోప్పడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలియని ఈమెయిల్లో వచ్చిన ఫైలు తెరవాలనీ, భయపెట్టే మీట కనిపిస్తే నొక్కాలనీ, నొక్కాక వివరాలు ఇవ్వాలనీ ఆమెకు అలవాటు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. భద్రత గురించి చెప్పే పత్రం, తాను చెప్పే జాగ్రత్తలను తానే పాటించాలి. ఇది వినడానికి చిన్న మాట. ఆచరణలో చాలా మార్పులు తెస్తుంది. లింకు పెడితే దాని పూర్తి చిరునామా కంటికి కనిపించేలా రాస్తాను. "ఇక్కడ నొక్కండి" అనే మాట వెనక దాచను. కురచ చేసిన లింకులు వాడను, ఎందుకంటే అవి ఎటు తీసుకుపోతాయో నొక్కక ముందు తెలియదు. క్యూఆర్ కోడు పెట్టవలసి వస్తే దాని కిందే చిరునామా అచ్చువేస్తాను. క్యూఆర్ కోడు మనిషి కళ్లు చదవలేని రాత కదా, దానికి తర్జుమా ఉండాలి. ఫైలును జోడించి పంపకుండా సంస్థ సొంత వెబ్‌సైటులో పెట్టి, వచ్చి చదువుకోమంటాను. పీడీఎఫ్ లోపల జావాస్క్రిప్టు వాడను. దుండగులు ఆ సదుపాయాన్ని ఎన్నోసార్లు దుర్వినియోగం చేశారు. బొమ్మ కదలాలంటే వెబ్ పేజీలోనే కదిలించడం మేలు. పూర్వం ఇలాంటి కదిలే పత్రాలు ఫ్లాష్‌తో చేసేవాళ్లం. 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగిపోయింది. ఎంతో కష్టపడి చేసిన బొమ్మలు ఇప్పుడు మామూలు బ్రౌజరులో తెరుచుకోవు.

ఫారం సంగతి వేరుగా చెప్పాలి. చదవక ముందే ఫోను నంబరు అడగడం ఈ రంగంలో మామూలు అలవాటు. సేల్సువాళ్లకు నంబర్లు కావాలి, వాళ్ల జీతం దానిమీద ఉంటుంది, అది నాకు తెలుసు. అయినా నా సలహా: ముందు పత్రం మొత్తం చదవనివ్వండి, చివర అడగండి, ఎందుకు అడుగుతున్నారో ఒక వాక్యంలో చెప్పండి. ఏ అవసరానికి వివరాలు తీసుకుంటున్నామో చెప్పి, స్పష్టమైన సమ్మతి తీసుకోవాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్దేశం కూడా. నంబర్లు తక్కువ వస్తాయి. ఇచ్చినవాళ్లు మాత్రం నిజంగా మాట్లాడదలచినవాళ్లయి ఉంటారు.

గుర్తుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. తాళం బొమ్మ చూస్తే "భద్రం" అనుకుంటాం. బ్రౌజరులో చిరునామా పక్కన ఉండే తాళం మాత్రం, మీకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే చెప్పేది. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పేది కాదు. దొంగ వెబ్‌సైటుకు కూడా తాళం ఉండవచ్చు. ప్రజలు దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని గ్రహించి, 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరులో ఆ తాళాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది. ఇన్నేళ్లు ఇన్ని కోట్లమంది చూసిన గుర్తుకే ఆ గతి పడితే, మనం నిన్న గీసిన గుర్తుకు పక్కన రెండు మాటలు రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు. అలాగే ఎరుపు అంటే ప్రమాదం, ఆకుపచ్చ అంటే క్షేమం అని రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఆ రెండు రంగుల తేడా గుర్తించలేనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, మన మధ్యనే ఉన్నారు.

తెలుగులో చేసేటప్పుడు అదనంగా కొన్ని చిక్కులున్నాయి. ఇంగ్లీషు బొమ్మను తీసుకుని అక్షరాలు మాత్రం మార్చేస్తే సరిపోదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. పంక్తుల మధ్య ఎడం పెంచకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. ఇంగ్లీషులో శీర్షికను పెద్దబడి అక్షరాల్లో రాసి ప్రత్యేకంగా చూపుతారు. మనకు ఆ తేడా లేదు కనుక అక్షరం లావుతోనో, సైజుతోనో చూపాలి. ఫాంటు యూనికోడ్‌ది కావాలి. పాత పద్ధతి ఫాంట్లతో చేసిన పత్రం చూడటానికి బాగానే ఉంటుంది కానీ, అందులో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి, చూపులేని వారికి చదివి వినిపించే స్క్రీన్ రీడరు దాన్ని చదవలేదు. సిలికానాంధ్ర వంటి సంస్థలు మంచి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగానే విడుదల చేశాయి కాబట్టి ఖర్చు సాకు చెల్లదు.

మాటల ఎంపిక కూడా చూడండి. ఫిషింగ్ అనే మాటకు నిఘంటువులో వెతికి బరువైన సంస్కృత సమాసం పెట్టేవాళ్లున్నారు. "గాలం" అంటే చాలు. గాలానికి ఎర ఉంటుంది, ఎర వెనక కొక్కెం ఉంటుంది, ఒడ్డున ఒకడు కూర్చుని ఉంటాడు. ఆ మూడూ గీస్తే బొమ్మ పూర్తయింది. కేంద్ర ప్రభుత్వ సమాచార భద్రత అవగాహన పథకం కింద హైదరాబాదులోని సీడాక్ సంస్థ పోస్టర్లు, చిన్న పుస్తకాలు భారతీయ భాషల్లో తయారుచేస్తోంది. తెలుగులోనూ ఉన్నాయి. వాళ్లకు అమ్మవలసిన సరుకు లేదు. అమ్మకానికి రాసేవాళ్లు వాటిని పక్కన పెట్టుకుని తమ పత్రాన్ని చూసుకుంటే, ఎక్కడ చెప్పడం ఆగి ఎక్కడ తోయడం మొదలైందో తెలుస్తుంది.

మరొక్క సంగతి. మీరు ఇక్కడ గీసిన బొమ్మ రేపు గుంటూరులోనో, ఖమ్మంలోనో మీ అమ్మగారి ఫోనులో వాట్సాప్ చిత్రంగా కనిపిస్తుంది. అక్కడ మీట పనిచేయదు. ఏదీ విచ్చుకోదు. చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని ఇంటరాక్టివ్ పత్రంలో ఏ పేజీ ఫొటో తీసి పంపినా, ఆ పేజీకి కావలసిన ముఖ్యమైన మాట ఆ పేజీలోనే ఉండాలి. డబ్బు పోయినవాళ్లు వెంటనే ఫోను చేయవలసిన 1930 నంబరు ప్రతి పేజీలోనూ, మీట వెనక కాకుండా బయటే, పెద్ద అంకెల్లో ఉండాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదన్న ముక్క కూడా అంతే.

ఇక మీకు ఇంటిపని. పైన చెప్పిన మూడు సంవత్సరాల అంకెలతో కడ్డీల బొమ్మ రెండు విధాలుగా గీయండి: ఒకటి సున్నా నుంచి, ఇంకొకటి 50,000 నుంచి. మొదట రెండోదాన్ని ఇంట్లో ఒకరికి చూపించి, "సైబర్ నేరాలు ఎన్ని రెట్లు పెరిగాయి?" అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబు రాసుకోండి. ఆ తర్వాత మొదటిది చూపించండి. అప్పుడు వాళ్లు మీ ముఖంలోకి ఎలా చూస్తారో, అది కూడా రాసుకోండి. ఆ కాగితాలు తీసుకుని మీ తరగతిలో నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.